చదవాలంటే కొనాల

మదనపల్లె బస్టాండు పక్కన హనీఫ్‌కు పాత పుస్తకాల అంగడి ఉంది. రిటైరైన సర్వేయరు లక్ష్మీపతి రోజూ పొద్దున్నే అక్కడికి వచ్చి, అన్నం వేళ దాకా నిలబడి చదువుతాడు. ఒక్క పుస్తకమూ కొనడు.

ఒకనాడు గొర్రెల జబ్బులు, ఇంకోనాడు జ్యోతిషం, ఆ తర్వాత బోరు మోటారు రిపేరి. నిన్నయితే గర్భిణుల జాగ్రత్తలు మొదట్నుంచి చివరిదాకా చదివి, "మనకు తెలీంది ఎంత ఉండాది హనీఫూ!" అన్నాడు.

హనీఫ్‌కు ఓపిక అయిపోయింది. అట్టముక్క మీద "చదవాలంటే కొనాల" అని రాసి వాకిట్లో కట్టాడు. లక్ష్మీపతి దాన్ని కూడా నిదానంగా చదివి వెళ్ళిపోయాడు.

సాయంత్రం ఆయన భార్య అన్నపూర్ణమ్మ ఆయాసపడుతూ వచ్చింది. కొట్లాటకే వచ్చిందనుకున్నాడు హనీఫ్.

"నేనేం తిట్టలేదమ్మా. యాపారం సాగాల కదా, ఏం చేసేది?"

"తిట్టేదానికి రాలేదప్పా. ఆయన్ని ఈడికి తోలిందే నేను. రిటైరైనప్పటి నుంచి వంటింట్లోనే కుర్చీ వేసుకోని, సంగటి మెత్తగైంది, ఊరిబిండికి కారం చాల్లేదు అని ఒకటే సణుగుడు. నీ అంగడి పుణ్యమా అని ఇన్నాళ్ళకు నా ప్రాణం తెరిపిన పడింది. ఈ పొద్దు పోయిన కాళ్ళతోనే తిరిగొచ్చినాడు."

హనీఫ్ నవ్వాపుకుంటూ అట్ట పీకేశాడు. లోపల్నుంచి ఒక స్టూలు కూడా తెచ్చి వేశాడు.

అన్నపూర్ణమ్మ అరలన్నీ ఒకసారి కలయజూసింది.

"ఆ వంటల పుస్తకాలు మాత్రం ఆయనకు అందకుండా పైన పెట్టప్పా," అంది.