నీలం పోర్టు

“ఇంకెంతసేపు?” లోపలి గదిలోంచి యజమాని కృష్ణంరాజు అడిగాడు.

“రెండు గంటలు చూపిస్తోంది సార్” అంది గౌరీశ్వరి.

“మొన్నటిదాకా పావుగంటలో అయిపోయేది కదా?”

తెర మీద ఓ మూల చిన్న సందేశం వచ్చి కూర్చుంది. ఈ పరికరం ఇంతకన్నా వేగంగా పనిచేయగలదట. ఆ మాట తననే అన్నట్టు ఆమె తల దించుకుంది.

వన్ టౌన్‌లో, ఓడల్లో వచ్చిన సరుకును పోర్టు నుంచి విడిపించే ఆఫీసు అది. కంటైనర్లు తెరిచినప్పుడు సరుకు తనిఖీ చేసే సర్వేయర్లు తీసిన వీడియోలు హార్డ్ డిస్కులో వస్తాయి. వాటిని కంప్యూటర్లోకి ఎక్కించి, మధ్యాహ్నంలోగా సరుకు తెప్పించుకున్న పార్టీకి పంపాలి. కంప్యూటరేమో పాతది. రాజుగారు కొత్తది కొందామంటే గౌరీశ్వరే వద్దంది.

“చిన్న కార్డు బిగిస్తే చాలు సార్. డిస్కు గుచ్చుకోడానికి నీలం పోర్టులొస్తాయి. పాతవాటికన్నా బాగా స్పీడు.”

ఉద్యోగంలో చేరిన కొత్త. వాళ్ళింట్లో డిగ్రీ చదివిన మొదటి మనిషి. తన చదువు ఎక్కడో ఒకచోట పనికొచ్చిందనిపించుకోవాలని ఆమె ఆరాటం.

కార్డు అమ్మిందీ బిగించిందీ పక్క సందులో కంప్యూటర్ల కొట్టు నడిపే జిలానీ బాషా. బిగించాక డిస్కు పరుగెత్తింది. రాజుగారు వచ్చిన వాళ్ళందరికీ చెప్పుకున్నాడు. దసరా సెలవుల తర్వాత ఆఫీసు తెరిచారు. మళ్ళీ నత్తనడక.

రాజుగారు గది గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాడు.

“ఇదిగో అమ్మాయ్, నీ మాట విని కొత్తది కొనలేదు. పార్టీ దగ్గర నా మాట పోయిందనుకో, మా బావమరిది కొడుకు ఖాళీగానే తిరుగుతున్నాడు. తీసుకొచ్చి ఆ కుర్చీలో కూర్చోబెడతాను.”

“కార్డులోనే ఏదో ఉంది సార్. బాషాగారికి ఫోన్ చేశాను. వస్తున్నారు.”

బాషా చేతిసంచీతో, మెడ మీద చెమట తుడుచుకుంటూ వచ్చాడు.

“ఏటి మేడం, నా కార్డు మీద కంప్లైంటా? పెళ్ళయ్యాక మా ఇంట్లో తప్ప బయటెక్కడా నా మీద కంప్లైంట్లు లేవు.”

గౌరీశ్వరి నవ్వలేదు. “అన్నీ చూశానండీ. డ్రైవర్ సాఫ్ట్‌వేర్ తీసేసి మళ్ళీ ఎక్కించాను. కేబుల్ మార్చాను...”

“సదువుకున్నోలు, సూసేసుంటారు. నానూ ఓసారి సూత్తాను.”

కంప్యూటర్ ఆపి డబ్బా మూత తీశాడు. లోపలంతా నల్లటి ధూళి. “ఓ షిప్పు బొగ్గు ఇందులోనే దింపేసినారేటి బావా” అన్నాడు అటెండర్ దొరబాబుతో. దొరబాబు పళ్ళికిలించాడు.

కార్డు ఊడదీసి, తుడిచి, మళ్ళీ గుచ్చాడు బాషా. కంప్యూటర్ వేసి సెట్టింగులు చూశాడు. తన కేబుల్ పెట్టాడు. తన సొంత డిస్కు పెట్టాడు. అదీ నత్తే. మళ్ళీ అన్నీ ఆపి కార్డు బయటికి తీశాడు. కళ్ళజోడు నుదుటి మీదికి తోసి, సెల్‌ఫోన్ లైటు వేసి, నీలం పోర్టులోకి చూశాడు. చాలాసేపు చూశాడు.

గౌరీశ్వరి చున్నీ అంచు వేలికి చుడుతూ విప్పుతూ నిలబడింది.

బాషా లైటు ఆర్పి ఆమె వైపు చూశాడు. ఆమె నేల చూపులు చూసింది.

“ఏం తేలిందయ్యా?” అన్నాడు రాజుగారు.

బాషా కార్డును అరచేతిలో అటూ ఇటూ తిప్పాడు. “పీసే బాలేదండి రాజుగారూ. తప్పు నాదే. మార్సేత్తాను.”

“అనుకున్నాను. ఎవడో వాడేసింది తుడిచి, కొత్తదని అంటగట్టుంటావు.”

“అలాటి పని సెయ్యనండి.”

“చెయ్యకపోతే అప్పుడే ఎలా పోతుంది? ఈ పిల్ల కనిపెట్టబట్టి సరిపోయింది. లేకపోతే నిన్ను నమ్మి నట్టేట్లో మునిగేవాణ్ణి. వేరేది బిగించు. బిగించి, ఇంక నా మెట్లెక్కకు. ఈ వీధిలో ఆఫీసులన్నిటికీ చెబుతాను నీ సంగతి.”

ముందు గదిలో కాగితాల కోసం కూర్చున్న లారీ డ్రైవర్లు తలలు తిప్పి చూశారు. బాషా చెవులు ఎర్రబడ్డాయి. సంచీలోంచి వేరే కార్డు తీసి బిగించాడు.

డిస్కు పెట్టారు. తెర మీద పావుగంట చూపించింది.

“అదీ చదువంటే” అన్నాడు రాజుగారు అందరికీ వినబడేలా. “ఆ కుర్చీ నీదేలే అమ్మాయ్.” దొరబాబును పంపి టీ తెప్పించాడు. ఒక్క గ్లాసే.

గౌరీశ్వరి గుమ్మం దాకా బాషా వెనకే నడిచింది. “బాషాగారూ” అంది. గుమ్మం పట్టుకుని ఆగిపోయింది.

అతను చెప్పులేసుకున్నాడు. “దీన్ని జాగర్తగా సూసుకోండి మేడం” అన్నాడు మెల్లగా. “ఇంక నాను రాలేను గదా.”

మెట్లు దిగి వెళ్ళిపోయాడు.

ఆమె వచ్చి కుర్చీలో కూర్చుంది. వీడియోలు ఒకదాని వెనక ఒకటి వచ్చి పడుతున్నాయి. టీ మీద మీగడ కట్టింది.

కార్డుకు ఎవరి దిష్టీ తగలకూడదని దసరా పూజనాడు తనే మరీ మరీ అద్దిన గంధం, కుంకుమ ఆ నీలం పోర్టు మూతిలో ఎండి బిగుసుకుపోతే, జడపిన్నుతో గీకి లోపల వేగాన్నిచ్చే సన్న రేకు విరగ్గొట్టాకే ఆమె బాషాకు ఫోన్ చేసింది.