ఉతకని జెర్సీలు

అమూల్య భయమల్లా ఒక్కటే: మూడేళ్ళ కూతుర్ని పనిలోకి తెచ్చుకుంటోందని ముదీర్‌కు, అంటే మేనేజరుకు, తెలిసిపోతుందేమోనని.

తెలిస్తే ఖలాస్. పని పోతుంది, దానితోపాటే వీసా పోతుంది.

వేరే దారి లేదు. భర్త దయాకర్ తెల్లారకముందే దూరాన జెబెల్ అలీలో ఉన్న ఫ్యాక్టరీకి కంపెనీ బస్సెక్కుతాడు. షార్జా రోలాలో వాళ్ళుండే షేరింగ్ ఫ్లాట్‌లో పాపను చూసుకునే ప్రేమక్క ఇండియా వెళ్ళిపోయింది.

అమూల్య ఒక ఫుట్‌బాల్ క్లబ్‌లో ఆటగాళ్ళ బట్టలు ఉతుకుతుంది. ఎనిమిదో తరగతితోనే చదువు ఆగింది. ఇంగ్లీషు పేర్లు చదవడం రాదు గనక నంబర్లు చూసి సర్దుతుంది. పెద్ద బట్టల బుట్ట వెనక పాపను కూర్చోబెడుతుంది.

ఆ ఏడాది క్లబ్ కొత్తగా ఐదుగురు కుర్రాళ్ళను తీసుకుంది. నలభై రోజులు ఆడించి చూసి, ముగ్గురినే ఉంచుకుంటారట.

వాళ్ళొచ్చిన వారానికే ఒక ముసలాయన రావడం మొదలైంది. ప్రాక్టీసు అయిన గంటకు, గోడ పట్టుకుని మెల్లగా వచ్చేవాడు.

"కొత్త పిల్లల బట్టలు ఉతికినవా బేటీ?"

"ఇంక ఉతకలే చాచా."

"ఉతకకు. ముందు నాకు చూపియ్."

పేరు హబీబుల్లా, హైదరాబాద్ మనిషి. అంతకుమించి ఆమెకు తెలియదు.

ఒక్కో జెర్సీని ముక్కుకు ఆనించుకున్నంత దగ్గరగా పెట్టుకుని తిప్పి తిప్పి చూసేవాడు. తర్వాత నిక్కర్లు, మేజోళ్ళు.

"ముప్ఫై నాలుగు నిక్కరు చూడు, పక్కంత పచ్చగైంది. శభాష్!"

నిన్నటి మరక పోలేదని ఎత్తిపొడుస్తున్నాడనుకుంది అమూల్య.

"గడ్డి మరక చాచా. రెండుసార్లు నానబెట్టిన. పోతలేదు."

"పోకుంటే పోనియ్. గీ ముప్ఫై ఒకటి చూడు, పెండ్లికొడుకు లెక్క ఎంత తెల్లగున్నడో!" అని నవ్వేవాడు.

మురికిని మెచ్చుకుని తెలుపును వెక్కిరించే మనిషిని ఆమె ఎక్కడా చూడలేదు. తన పనిలో తప్పులు పట్టమని ముదీర్ పంపాడా? అలాగైతే ఉతికాక కదా చూడాలి? ఎంత ఆలోచించినా అర్థం కాలేదు.

ఒకరోజు బుట్ట వెనక పాప కిలకిలా నవ్వింది.

ఆయన తలెత్తాడు. "ఏందది?"

"మిషన్ చాచా. బెల్టు అరుస్తది."

ఆయన జేబులోంచి నాలుగు ఖర్జూరాలు తీసి బల్ల మీద పెట్టాడు. "మిషన్‌కు ఆకలైతున్నట్టుంది. పెట్టు."

ఇంకేముంది, పాపను చూసేశాడు. ఇవాళ కాకపోతే రేపు ముదీర్ చెవిన వేస్తాడు.

ఈ మనిషి రాకుండా ఉండాలంటే ఆమెకు తోచిన ఉపాయం ఒక్కటే. ఆయన చూడ్డానికి ఏమీ మిగల్చకూడదు.

మర్నాటి నుంచి బట్టలు రాగానే మిషన్‌లో వేసేసింది. ఆ నలభై రోజుల్లో కుర్రాళ్ళకు అవి ఆఖరి మూడు రోజులు.

"ఉతికేసినవా?"

"ఉతికేసిన చాచా."

"ముప్ఫై నాలుగుది సుత?"

"దాన్నే ముందుగాల ఏసిన. రేపటి సంది మీరు రాకుండ్రి. మీకెందుకు తిప్పల?"

తడి జెర్సీని ముఖం దగ్గర పెట్టుకుని తిప్పి చూసి, ఆయన దాన్ని బల్ల మీద పెట్టేశాడు. కోప్పడలేదు. మూడో రోజు గుమ్మంలోంచే వెనక్కి తిరిగాడు.

వారం తర్వాత ముప్ఫై నాలుగో నంబర్ కుర్రాడు బట్టలు అప్పగించడానికి వచ్చాడు. పేరు సుజిత్. షార్జాలోనే పుట్టి పెరిగిన తెలుగువాడు.

"నన్ను తీసేశారక్కా."

"అయ్యో! ఎందుకు తమ్మీ?"

"స్పీడ్ లేదన్నారంట కోచ్‌లు. హబీబుల్లా సార్ ఒక్క మాట చెప్పుంటే ఉండేవాణ్ణి."

"బట్టలు చూసే చాచానా? ఆయన మాట ఎవరింటరు?"

"ఆయన మాటే వింటారక్కా! మా ఐదుగురిలో ఎవరుండాలో మార్కులు వేసేది ఆయనే. 'వీడు నేల మీద పడి మరీ బంతి లాక్కొస్తాడు' అని రోజూ నా గురించి చెప్పేవారంట. ఆఖరి మూడు రోజులు ఎలా ఆడానని కోచ్‌లు అడిగితే మాత్రం 'నేను చూడలేదు' అన్నారంట."

"చూడలేదా? యాడ కూసునేటోడు?"

"గ్రౌండ్ పక్కనే, కుర్చీలో. అదే నాకూ అర్థం కావట్లేదు. ఆ రోజే పని మానేసి వెళ్ళిపోయారు. దుబాయ్‌లో, అల్ వర్సాన్‌లో ఒక్కరే ఉంటారంట."

అమూల్య చేతిలో మట్టి కొట్టుకున్న జెర్సీ ఉంది. దాన్ని ఆయనలాగే ముక్కు దాకా తెచ్చుకుని చూసింది. అప్పుడర్థమైంది. ఉతకకుండానే దాన్ని పక్కన పెట్టింది.

పాపను వదిలి ఆమె అంత దూరం వెళ్ళే వీల్లేదు. అల్ వర్సాన్ వైపు వెళ్ళే మనవాళ్ళెవరైనా ఉంటే హబీబుల్లా చాచాను ఒకసారి చూసి రండి, తిన్నాడో లేదో కనుక్కోండి. గుమ్మంలోనే మీరెవరో చెప్పండి, ఎందుకంటే ఆ ఐదుగురి ఆటనూ ఉతకని బట్టల మీదే చదువుకున్న ఆ మనిషికి చేతి దూరం దాటితే ఏమీ కనబడదు.