మూడో కోత

"ఎవరు చేశారో చెప్పందే నేను కత్తి పట్టను." డాక్టర్ తూరాన్ స్కాన్ ఫిల్మును బల్ల మీద పడేసింది. "ఇలా అడగడం నాలుగోసారి."

"గుర్తులేదన్నాను కదా, ఖానుమ్ డాక్టర్," అంది పరస్తూ.

ఊపిరి పీల్చినప్పుడల్లా ఆ పిల్ల ముక్కులోంచి సన్నగా ఈల వస్తోంది. రెండు ఆపరేషన్లు అయ్యాక ముక్కు కొస కూలబడింది, ఎడమ రంధ్రం పూడుకుపోయింది. పడుకుంటే ఊపిరాడక గోడకు చేరగిలబడి నిద్రపోతోంది.

"రెండుసార్లు నీ మొహం కోసినవాడి పేరు గుర్తులేదా? ఈ టెహ్రాన్‌లో కూరగాయల కొట్టతను కూడా తన పెళ్ళాం ముక్కు ఎవరు చేశారో ఇంటిపేరుతో సహా చెబుతాడు!"

"నాకు చేసింది ఇక్కడ కాదు. మాది రష్త్."

"సరే, రష్త్‌లో ఎవరు?"

పరస్తూ కిటికీలోంచి రోడ్డు మీద కార్లను చూస్తూ కూర్చుంది.

తూరాన్‌కి ఒళ్ళు మండింది. ఇతరులు పాడుచేసిన ముక్కుల్ని సరిచేయడమే ఇరవై ఏళ్ళుగా ఆమె పని. ఇలాంటి మొండిఘటాన్ని మాత్రం చూడలేదు. గొంతు తగ్గించి మళ్ళీ మొదలుపెట్టింది.

"విను తల్లీ. లోపల ఏం తీశారో, ఏం పెట్టారో, దేంతో కుట్టారో ఫిల్ములో అంతా కనబడదు. ముక్కుకీ మెదడుకీ మధ్య ఉన్నది కోడిగుడ్డు పెంకంత ఎముక. తెలియక అక్కడ చెయ్యి వేశానంటే ముక్కు మాట అటుంచు, మనిషివే దక్కవు. నాకు పాత ఆపరేషన్ కాగితాలు కావాలి."

"అవి లేవు."

"డిగ్రీ లేనివాడి దగ్గర చేయించుకున్నావా? ఏ బ్యూటీ పార్లర్లోనో?"

"కాదు!" పరస్తూ కళ్ళు ఎర్రబడ్డాయి. "ముక్కు బాగుచేయమని వచ్చాను. ఒకరి మీద కేసు పెట్టడానికి రాలేదు. చేతనైతే చెయ్యండి, లేకపోతే లేదనండి."

తూరాన్ ఆమె తండ్రి వైపు తిరిగింది. ఫరామర్జ్ గోడవారగా, ఒళ్ళో బిస్కట్ల డబ్బాతో ఒదిగి కూర్చున్నాడు. ఊరినుంచి డాక్టరు కోసం తెచ్చిన డబ్బా అది. ఇవ్వడానికి సందు దొరకలేదు.

"మీరైనా చెప్పండి, ఆగా," అంది కాస్త మర్యాదగా.

ఆయన నోరు తెరవబోయాడు.

"నాన్నా, నువ్వు మాట్లాడకు," అంది కూతురు.

"బాగుంది వరస!" తూరాన్ అరిచింది. "పుచ్చకాయ కొనేటప్పుడైనా నాలుగుసార్లు తట్టి చూస్తాం కదయ్యా. కన్నకూతుర్ని ఎవడి చేతుల్లో పెడుతున్నారో చూసుకోవద్దా?"

"నిజమే, ఖానుమ్. తప్పు నాదే."

"తప్పు మీదైతే ముక్కు దానంతటదే లేచి నిలబడుతుందా? వెళ్ళండి. కాగితాలు దొరికితేనే రండి."

వాళ్ళు వెళ్ళిపోయారు. డబ్బా కుర్చీలోనే మిగిలింది. తూరాన్ చక్కెర ముక్క పంటి కింద పెట్టుకుని టీ గుక్క వేసింది. చల్లారిపోయింది. దానికి సెక్రటరీ తిట్లు తింది.

మర్నాడు ఉదయం మోటార్‌సైకిల్ మీద ఎవరో కవరు తెచ్చి ఇచ్చిపోయారు. లోపల పదకొండు పేజీలు. పేరు లేదు, సంతకం లేదు. కుట్టు కుట్టుకీ బొమ్మ ఉంది. చివరి పేజీలో ఇలా ఉంది:

"మొదటిసారి కొస అందంగా రావాలన్న ఆశతో ఎక్కువ కోశాను. రెండోసారి ఆ తప్పు దిద్దాలన్న ఆత్రంలో ఏడాది ఆగవలసింది నాలుగు నెలలకే మళ్ళీ తెరిచాను. పైన కుడివైపు ఎముక చిట్లింది. పొర అతికించాను. ఫిల్ములో కనబడదు. అక్కడ లాగవద్దు."

తూరాన్ రెండుసార్లు చదివింది. కోపం తగ్గకపోగా పెరిగింది. ఇంత తెలిసినవాడు ఇంత పని చేశాడా! ఫోన్ తీసి పరస్తూకి ఆపరేషన్ తేదీ చెప్పింది.

అయిదు గంటలు పట్టింది. పక్కటెముక దగ్గర్నుంచి మెత్తటి ఎముక తీసి, పల్చగా చీల్చి, కూలిన ముక్కుకి లోపల నిట్టాడులా ఆసరా నిలబెట్టింది. కుడివైపు పైకి వెళ్ళేసరికి గట్టిపడ్డ పాత కండ అడ్డొచ్చింది. మామూలుగా అయితే పట్టుకుని లాగేసేదే. పట్టుకారు దాకా వెళ్ళిన చెయ్యి ఆగింది. దీపం దగ్గరకు జరిపించి చూసింది. కండ అంచున పల్చటి పొర, దాని కింద నాడిలా ఏదో కొట్టుకుంటోంది. దాన్ని అలాగే వదిలేసి పక్కనుంచి వచ్చింది. ఆమె వీపంతా చెమట పట్టింది.

తొమ్మిదో రోజున కట్టు విప్పారు. పరస్తూ నోరు మూసుకుని, భయంభయంగా గాలి పీల్చింది. ఈల రాలేదు. మళ్ళీ పీల్చింది. అద్దం చేతికిచ్చినా చూసుకోలేదు, గాలి పీలుస్తూనే ఉంది.

"మీ చేతులకు నొప్పి తెలియకూడదు, ఖానుమ్ డాక్టర్," అన్నాడు ఫరామర్జ్ కృతజ్ఞతగా.

తూరాన్ చిరాకు మాత్రం ఇంకా చల్లారలేదు.

"ఇప్పటికైనా ఆ మనిషెవరో చెప్పండి. ఆ కాగితాలు పంపినందుకు ఎదురెళ్ళి సలాం చేస్తాను. చేసి, మళ్ళీ జన్మలో కత్తి ముట్టకుండా చేస్తాను. ఇంకో ఆడపిల్ల అతని బల్ల ఎక్కకూడదు."

"నాన్నా, వద్దు," పరస్తూ ఆయన చొక్కా చెయ్యి పట్టుకుంది.

ఆయన మెల్లగా విడిపించుకున్నాడు.

"ఎవరూ ఎక్కరు ఖానుమ్. మా అమ్మాయిదే నేను చేసిన ఆఖరి ఆపరేషన్."