ఒక్క పూట భార్య

కాంట్రాక్టరు ఉమామహేశ్వర్‌కు ఆ ఉదయం అత్యవసరంగా ఒక భార్య కావలసి వచ్చింది. తన కోసం కాదు, ఆసుపత్రిలో ఉన్న కూలీ కోసం.

ముందు రోజు ఉప్పల్‌లో కడుతున్న ఫంక్షన్ హాల్లో దుర్గేష్ అనే పనివాడు సీలింగుకు జిప్సం బోర్డు బిగిస్తూ చక్రాల స్టాండు మీద నుంచి పడ్డాడు. నడుము విరిగింది. హాలు యజమాని కళ్లారా చూశాడు. వెంటనే ఆపరేషను చేయమని ఆసుపత్రికి తానే హామీ ఇచ్చాడు. ఆ తరువాత ఉమామహేశ్వర్‌తో తేల్చి చెప్పాడు.

"ఇన్సూరెన్సు కడితే సరి. లేకుంటే మొత్తం నీ బిల్లులకెల్లి కట్ జేస్త."

ఇన్సూరెన్సు ఉంది. ఉమామహేశ్వర్ చట్టాన్ని గౌరవించే మనిషి. ముప్పై నలుగురు పనివాళ్లలో పదిమంది పేర్ల మీద ప్రీమియం కట్టేంత మేరకు గౌరవిస్తాడు. మిగతావాళ్లలో ఎవరు పడినా ఆ పది పేర్లలో ఒకటి తగిలిస్తాడు. ఆ లెక్కన నర్సయ్య రెండేళ్లలో మూడుసార్లు చెయ్యి విరగ్గొట్టుకున్నాడు. అసలు నర్సయ్య మాత్రం రెండు చేతులా బోర్డులు మోస్తూనే ఉన్నాడు.

హెల్మెట్లు ఆరున్నాయి. అవి కారు డిక్కీలో ఉంటాయి. ఫొటోలు తీసే రోజున బయటికి వస్తాయి. బెల్టులకు ప్లాస్టిక్ కవర్లయినా విప్పలేదు. విప్పితే పాతబడతాయని ఆయన భయం.

దుర్గేష్‌ను మొగిలయ్య పేరుతో ఆసుపత్రిలో చేర్పించాడు. అన్నింటిలోకీ క్షేమమైన పేరు అదే. మొగిలయ్యను తానే ట్రాలీ ఆటో కిరాయి కట్టి ఊరికి పంపించేశాడు. తిరిగి వచ్చి ఇదేమిటని నిలదీసే మనిషి కాదు.

చిక్కు ఒక్కటే. దుర్గేష్‌కు పెళ్లి కాలేదు. జాబితాలో మొగిలయ్య పేరు పక్కన నామినీ గడిలో 'భార్య' అని ఉంది. ఆమె పేరు కనుక్కొని రాసే ఓపిక అప్పట్లో ఉమామహేశ్వర్‌కు లేకపోయింది. ఇన్సూరెన్సు అధికారి ఎలిజబెత్ ఆ భార్యతో మాట్లాడాలంటోంది.

ఆయన నాచారంలోని తన మరో సైటు ముందు కారు ఆపి, అద్దం దించాడు. బోర్డుల తెల్ల దుమ్ము ఊడుస్తున్న ఆడవాళ్లలో ఒకామెను వేలితో పిలిచాడు.

"ఎన్ని దినాల సంది చేస్తున్నవ్ ఈడ?"

"ఆరు నెలల సంది, సార్. మీ దగ్గర్నే."

"పేరేంది?"

"మల్లవ్వ."

"ఇయ్యాల ఒక్క పూట నువ్వు మొగిలయ్య పెండ్లానివి. సమజైందా? కూలి డబుల్ ఇస్త."

మల్లవ్వ చీపురు గోడకు ఆనించింది. "మొగిలయ్య పెండ్లాన్నా, సార్?"

"ఏం, నామోషా?"

"ఏం లేదు సార్. చీర మార్చుకొస్త."

పది నిమిషాల్లో వచ్చింది. దారి పొడుగునా ఆయన పాఠం చెప్పాడు.

"బెల్టు ఉండె అను. హెల్మెట్ ఉండె అను. జర మంచిగ ఏడువు."

"ఏడుపు అయిపోయింది సార్."

"గట్లయితే కొంగన్న అడ్డం పెట్టుకో!"

ఆసుపత్రిలో రోగి ఆపరేషన్ థియేటర్‌లో ఉన్నాడు. ఎలిజబెత్ బయట బల్ల మీద ఫైలు తెరిచింది.

"మొగిలయ్య మీకేమవుతాడమ్మా?"

"నా పెనిమిటి, మేడం."

"ఎట్లా పడ్డాడు?"

"పైన బోర్డు పట్టుకోని నిలవడ్డడు. కింద స్టాండు చక్రాలకు ఏం అడ్డం పెట్టలే. అది జరిగింది. ఎన్కకు పడ్డడు."

"నడుముకు బెల్టు?"

"లేదు."

ఉమామహేశ్వర్ గట్టిగా దగ్గాడు.

"తలకు హెల్మెట్?"

"సారు కారుల ఉండె."

"సదువు రాని మనిషి, మేడం," అని ఆయన నవ్వాడు. "భయపడి ఏదో..."

"మీరు ఆగండి. మీరు కళ్లారా చూశారా అమ్మా?"

"లేదు, మేడం. ఊడ్సుకుంట ఊడ్సుకుంట ఒక్కొక్కలను అడిగిన. అందరు గదే చెప్పిన్రు. పడ్డంక నీళ్లడిగిండంట."

ఉమామహేశ్వర్ స్థిమితపడ్డాడు. బెల్టు లేకపోయినా కంపెనీ కట్టక తప్పదు. తాను నేర్పిన పాఠం ఆమె మరిచిపోయినా నటన మాత్రం పరవాలేదు.

"ఆయన భార్య అనేందుకు ఆధారం ఏమైనా ఉందా?"

ఆయనకు చెమట పట్టింది. ఆ సంగతి ఆలోచించనే లేదు. మల్లవ్వ రవికలోంచి ప్లాస్టిక్ కవరు తీసి ఆధార్ కార్డు అందించింది. పేరు మల్లవ్వ. భర్త పేరు మొగిలయ్య.

ఉమామహేశ్వర్ పొంగిపోయాడు. పది నిమిషాల్లో ఇంత శుభ్రమైన దొంగ కార్డు! ఇది తన సూపర్‌వైజరు పనితనమే అయి ఉండాలి. వాడికి దసరాకు ఏదైనా ఇవ్వాలనుకున్నాడు. మరుక్షణమే ఆ ఆలోచన మానుకున్నాడు.

ఎలిజబెత్ జవాబులన్నీ చదివి వినిపించి, సంతకం చేయించుకుంది.

"ఇంకేమైనా చెప్పాలా అమ్మా?"

మల్లవ్వ అదే కవరులోంచి ఒక మడత కాగితం తీసి ఆమె చేతిలో పెట్టింది.

"నా పెనిమిటి పడ్డది నిన్న కాదు మేడం, పోయిన శ్రావణంల, ఇది ఆయన సచ్చిపోయిన సర్టిఫికెట్."