వచ్చేసిన రాజ్యం

వచ్చేసిందనే అనుకుందాం. అనుకోవడమేమిటి, వచ్చేసింది. అయితే వచ్చినదాన్ని వచ్చిందని ఇన్నిసార్లు చెప్పుకోవలసి రావడం ఎందుకు? సొంత ఇంట్లో కూర్చున్నవాడు ‘నేను ఇంట్లోనే ఉన్నాను’ అని గంటకోసారి తనకు తాను చెప్పుకుంటాడా?

“ఏం దేవిదాసూ, కూసున్న కాడనే కునుకు తీసినవా?”

వాక్యం చెప్పే పంతులు దేవిదాసు ఉలిక్కిపడ్డాడు. ముత్తవ్వ వాకిట్లో, పందిరి నీడన కూర్చున్న జనమంతా తనవైపే చూస్తున్నారు. ఎదురుగా ముసలి మారయ్య మోకాళ్ళ చుట్టూ చేతులు పెనవేసుకుని జవాబు కోసం కాచుకుని ఉన్నాడు.

“లేదు కాకా. ప్రభువు రాజ్యం అచ్చింది అంటున్న. ఆయన అచ్చిననాడే అచ్చింది. మన నడుమనే ఉన్నది.”

“మరి దినాం ప్రార్థనల రాజ్యం రావాలె, రావాలె అని ఎందుకు మొత్తుకుంటం? ఇంట్ల కూసున్న సుట్టాన్ని ఇంటికి రమ్మని ఎవడన్న పిలుస్తడా?”

జనం నవ్వారు.

“విత్తనం ఏసినం, మొలిచింది. కంకి రాలేదని చేనే లేదంటవా కాకా?”

“మొన్న ఊరి పెద్ద పాటిల్ మనిషి అచ్చి మనోళ్ళను వెట్టికి పట్కపోయిండు గద. ‘మా రాజ్యం అచ్చింది, మేం రాం’ అని నువ్వన్న చెప్పకపోయినవ్!”

మళ్ళీ నవ్వులు. దేవిదాసు నవ్వలేదు. కుండల్‌వాడి పొలిమేరలో వాగుకు ఇవతల ముత్తవ్వ వాళ్ళ వాడ, అవతల తనూ మారయ్యా ఉండే వాడ. ఊరివాళ్ళకు రెండూ అంటరానివే. అయినా అవతలి వాడవాళ్ళకు తాము ఒక మెట్టు పైనున్నామని పట్టింపు. కొన్నేళ్ళ కిందట రెండు వాడలవాళ్ళూ ఒకే పూట, ఒకే వాగులో మునిగి బాప్తిస్మం తీసుకున్నారు. అయినా పంట పండుగ విందుకు నేటికీ రెండు పొయ్యిలు, రెండు బంతులు. ఈ ఆదివారం ఒక్కటే బంతి వెయ్యాలని దేవిదాసు పట్టు. రాజ్యం ప్రభువు తిరిగి వచ్చాకనే, అందాకా తొందర వద్దని మారయ్య మాట. ఒక్క బంతి అయితే వండేది ముత్తవ్వ. అందుకే ఆమె గుంజను పట్టుకుని వింటోంది.

దేవిదాసు పెదవులు తడుపుకోబోయాడు. నాలుక అట్టకట్టింది. అది చూసి ముత్తవ్వ గబగబా లోపలికి పోయి ముంతతో వచ్చింది.

“గొంతు ఎండిపోతున్నది పంతులయ్యా. గిన్ని నీళ్ళు తాగు.”

“వద్దమ్మా. ఇయ్యాల ఉపాసం. పొద్దు గూకేదాకా నీళ్ళు గూడ ముట్ట.”

“సూసిన్రా!” ఆమె గర్వంగా అందరివైపూ తిరిగింది. “మా వాడకు ఎప్పుడచ్చినా ఉపాసమే. ఏం భక్తి మా పంతులయ్యది!”

“ఇటియ్యి చెల్లె. నాకేం భక్తి, ముసలి పీనుగను.” మారయ్య ముంత అందుకుని గటగటా తాగి మీసాలు తుడుచుకున్నాడు.

ఆ చప్పుడు దేవిదాసు చెవుల్లో చాలాసేపు ఉండిపోయింది. దప్పిక మంచిదే, మాటకు పదును పెడుతుంది అనుకున్నాడు. కానీ లోపల, గుమ్మిలో దూరిన ఎలుకలా, ఏదో గీకుతూనే ఉంది. సందేహమా? నాందేడ్‌లో మిషన్ దొరగారి దగ్గర నేర్చుకున్న వాక్యాలన్నీ ఒక్కొక్కటే ఎత్తి చూశాడు. ఏ వాక్యం కిందా అది లేదు. గీకడం మాత్రం ఆగలేదు.

మారయ్య గొంతు తగ్గించాడు. “బిడ్డా, రాజ్యం నోటిదాకా అచ్చింది. చేతిదాకా రాలే. బంతి ఏస్తం సరే, మనోళ్ళు కూసోకుంటే? ముత్తవ్వ వండింది ముత్తవ్వ ముంగటనే మిగుల్తది. గా అవమానం ఆమెకెందుకు?”

“కూసుంటరు!” దేవిదాసు లేచి నిలబడ్డాడు. “అందరికంటె ముందు నేను కూసుంట! రాజ్యం ఎక్కడ్నో మబ్బులల్ల లేదు కాకా. గీ వాకిట్లనే ఉన్నది. గిప్పుడే ఉన్నది!”

గొంతు చీరుకుపోయింది. ముత్తవ్వ కొంగుతో కళ్ళొత్తుకుంది. మారయ్య అతన్ని ఒకసారి చూసి, ఖాళీ ముంతను నెమ్మదిగా బోర్లించాడు.

“సరే. నువ్వే గెలిచినవ్. ఆదివారం ఒక్కటే బంతి. ముత్తవ్వా, జొన్నలు ఇసురుకో.”

“గా దినమన్న ఉపాసం పెట్టుకోకు పంతులయ్యా!” అంది ముత్తవ్వ.

అందరూ గొల్లుమన్నారు. దేవిదాసు కూడా నవ్వాడు, కాస్త ఆలస్యంగా.

వాగు ఎండిపోయి ఉంది. ఇసుక కాళ్ళను కాలుస్తోంది. పొద్దు ఇంకా నడినెత్తినే ఉంది. గెలిచాను, అనుకున్నాడు. రెండు వాడలనూ ఒక్క బంతిన కూర్చోబెట్టబోతున్నాను. మరి ఈ గుబులేమిటి? వెనక్కి తిరిగి చూస్తే ముత్తవ్వ ఇంకా తడిక దగ్గరే నిలబడి ఉంది. చూపు తిప్పుకుని గబగబా నడిచాడు, ఎవరో తరుముతున్నట్టు.

అవతలి గట్టెక్కితే తమ వాడలో మొదటి ఇల్లు ఎంకవ్వ వదినది. ఆమె అరుగు మీద నీళ్ళచెంబు పక్కన పెట్టుకుని చింతపండు గింజలు తీస్తోంది.

“ఏం మరిదీ, పొద్దుగాల్నే పోయినవట. రాజ్యం అచ్చినట్టా, రానట్టా?”

“అచ్చింది వదినా.”

దేవిదాసు వంగి, చెంబెత్తి, ఊపిరి తీసుకోకుండా తాగేశాడు.