మిగతా మాట

“ఆ వార్తలు కట్టెయ్ బర్ల్ బాబాయ్. ఇది నలుగురూ తిండి తినే చోటు,” అంది వెర్నా.

“ఉండవే అమ్మాయ్. మనమెంత మొద్దులమో చెబుతున్నారు. మన సంగతి మనకంటే వాళ్ళకే బాగా తెలుసు,” అన్నాడు ముసలి బర్ల్. బొగ్గు గనిలో దగ్గి దగ్గి బొంగురుపోయిన గొంతు అతనిది.

టీవీలో సూట్లు వేసుకున్న నలుగురు కూర్చుని, వెస్ట్ వర్జీనియా కొండల్లో జనం ఎన్నికల్లో ఎందుకలా ఓటేస్తారో నవ్వుతూ తేల్చేస్తున్నారు. ఆ నలుగురిలో ఒక్కడూ ఈ కొండ ఎక్కిన పాపాన పోలేదు.

వెర్నా వచ్చి టీవీ కట్టేసింది.

భర్త డెల్బర్ట్ పోయినప్పటినుంచి తన హోటల్లో వార్తలు మోగనివ్వడం లేదామె.

డెల్బర్ట్ హికరీ ఫోర్క్ ఊళ్ళో కరెంటు పనులు చేసేవాడు. ఆదివారం చర్చి తలుపులు తెరిచేది అతనే. బడి కమిటీలో కూడా ఉండేవాడు.

కోళ్ళ ఫ్యాక్టరీలో పనికి పరదేశీ కుటుంబాలు వచ్చినప్పుడు, వాళ్ళ పిల్లల సంగతి తేల్చడానికి కమిటీ సమావేశం పెట్టింది. పట్నం నుంచి టీవీవాళ్ళు వచ్చారు.

డెల్బర్ట్ లేచి నిలబడ్డాడు.

“సరిహద్దు గట్టిగా ఉండాలనేవాణ్ణి నేను. అది మీకందరికీ తెలుసు. కానీ, ‘ఆ పిల్లల్ని వెనక్కి పంపండి, మన బడిలో చోటు లేదు’ అని ఎవరైనా అంటే మాత్రం ఊరుకోను. గుమ్మంలోకొచ్చిన పిల్ల మన పిల్లే. చోటు చాలకపోతే మా ఇంట్లో కూర్చోబెడతా.”

టీవీలో మధ్య ముక్క ఒక్కటే వచ్చింది.

“ఆ పిల్లల్ని వెనక్కి పంపండి, మన బడిలో చోటు లేదు.”

ముందూ లేదు, వెనకా లేదు. ఇంటిముందు జెండానీ, అతని పార్టీ బోర్డునీ మాత్రం తీరిగ్గా చూపించారు.

ఊరంతా ఆ మాట పూర్తిగా విన్నది. ఊరి సాక్ష్యం ఎవడిక్కావాలి? బడి సమావేశాన్ని ఫోన్లో పట్టి ఉంచుకునేంత పనిలేనివాళ్ళు అక్కడెవరూ లేరు.

ముక్కూ మొహం తెలియనివాళ్ళు ఫోన్లు చేసి తిట్టారు. పనికి పిలిచేవాళ్ళు పిలవడం మానేశారు.

పిట్స్‌బర్గ్‌లో పంతులమ్మగా ఉన్న కూతురు జోలీన్ కూడా ఫోన్ చేసింది.

“నిన్ను నాన్నా అని పిలవడానికి సిగ్గేస్తోంది,” అని పెట్టేసింది.

వెర్నా ఎంత చెప్పినా వినలేదు. “నువ్వు ఆయన భార్యవి. ఇంకేమంటావు?” అంది.

వాకిట్లో మంచు ఎత్తిపోస్తూ ఒకరోజు డెల్బర్ట్ కూలిపోయాడు. సమాధి చేసేటప్పటికి కూడా జోలీన్ రాలేదు.

టీవీ కట్టేసిన కాసేపటికి హోటల్ తలుపు తెరుచుకుంది.

బక్కగా ఉన్న మనిషొకడు వచ్చి బల్ల ముందు కూర్చున్నాడు. గడ్డం మాసి ఉంది. కోటు నలిగి ఉంది. వెర్నా కాఫీ పోసింది.

“డెల్బర్ట్ గారు ఎక్కడుంటారమ్మా?”

“చర్చి వెనకాల, కొండమీద.”

“ఇప్పుడెళ్తే ఉంటారా?”

“ఉండక ఎక్కడికి పోతాడు? సమాధిలోంచి లేచొస్తాడా?”

కప్పు ఎత్తబోతున్న చెయ్యి ఆగిపోయింది.

“అయ్యో... నాకు తెలీదు. ధైర్యం చాలక ఇన్నాళ్ళు ఆగాను.”

“ఎవరు నువ్వు?”

“టీవీలో పనిచేసేవాణ్ణమ్మా. ఆ రోజు సమావేశానికి...”

బర్ల్ లేచి నిలబడ్డాడు. “వీడి గుండెలు చూశావా! చంపింది చాలక గొయ్యి చూడ్డానికొచ్చాడు!”

“ఒక్క మాట చెప్పనివ్వండి...”

“మీరు చెప్పింది విన్నాం. దేశమంతా విన్నది,” అంది వెర్నా.

అతను జేబులోంచి చిన్న నల్లటి ప్లాస్టిక్ ముక్క ఒకటి తీసి బల్లమీద పెట్టాడు. “ఇది మీకు...”

వెర్నాకి ఒళ్ళు మండిపోయింది.

“మళ్ళీ రికార్డు చేస్తున్నావా? నా నోట్లోంచి కూడా ఓ ముక్క కోసుకుపోదామని వచ్చావా?”

చటుక్కున అది లాక్కుని, బంగాళాదుంపలు వేగుతున్న నూనెలో పడేసింది.

నూనె చిటపటలాడింది. బర్ల్ చప్పట్లు కొట్టాడు.

అతను చెయ్యి చాపి, మధ్యలోనే ఆగిపోయాడు. పోలీసుల్ని పిలుస్తానంటాడేమో అనుకుంది వెర్నా. అతను అరవలేదు. నూనెకేసి చూస్తూ ఉండిపోయాడు.

“ఇంకొకటి లేదమ్మా,” అన్నాడు చివరికి.

“లేకపోతే కొనుక్కో! పో బయటికి!”

కాఫీ ముట్టకుండానే వెళ్ళిపోయాడు.

వెర్నాకి ఎన్నాళ్ళకో ఊపిరాడినట్టయింది. డెల్బర్ట్ తరఫున ఒక్క దెబ్బయినా కొట్టాననిపించింది. మధ్యాహ్నం నూనె వడగడితే, కరిగి మాడిపోయిన ముద్ద ఒకటి దొరికింది. చెత్తబండి వస్తే అందులో పడేసింది.

ఫోన్ మోగింది.

“అమ్మా!” జోలీన్ గొంతు. ఏడుస్తోంది. “ఆయన వచ్చాడా?”

“ఎవరే?”

“ఐరా అని. మొన్నెప్పుడో ఫోన్ చేసి, నేనెత్తకపోతే మాట రికార్డు చేసి పెట్టాడు. తెలియని నంబరని వినలేదు. ఇప్పుడే విన్నాను. నాన్న ఆ రోజు మాట్లాడిందంతా తెచ్చి నాన్న చేతికే ఇస్తానన్నాడమ్మా. పాపం, నాన్న ఉన్నాడనే అనుకుంటున్నాడు.”

వెర్నా పొయ్యిమీది నూనెకేసి చూసింది.

“నేను బయల్దేరాను. నువ్వు చెప్పినా, ఊరు చెప్పినా నా చెవికెక్కలేదు. నాన్న గొంతులో వినాలి. విని, ఆయన సమాధి దగ్గర కూర్చుని ఏడవాలి. ఛానల్లో అంతా చెరిపేశారట. ఐరా దగ్గరున్నదొక్కటే మిగిలిందట... అమ్మా, వింటున్నావా?”

“ఎవరే ఆయన?” అంది వెర్నా.

“ఆ రోజు కెమెరా పట్టుకున్నది ఆయనేనటమ్మా. నాన్న మాట కత్తిరించొద్దని ఛానల్ వాళ్ళ కాళ్ళావేళ్ళా పడి, వినకపోతే గొడవపడి ఉద్యోగమే పోగొట్టుకున్నాడట.”