నత్త మీద నలభై ఏళ్ళు

డబ్బా మీద సెకనుకు ఆరువందల మెగాబైట్లని రాసి ఉంది. నా పరీక్షలో అది నూట నలభై దాటలేదు. ఆ హార్డ్ డిస్కును చంకన పెట్టుకుని నా బావమరిది కంప్యూటర్ల దుకాణానికి వెళ్ళాను. వాడిని నలుగురిలో కడిగేసే అవకాశం కోసం నా పెళ్ళినాటి నుంచీ చూస్తున్నాను.

“ఏరా, ఆరువందలని చెప్పి నూట నలభై అంటగడతావా? కళ్ళు నెత్తికెక్కాయా?”

“ఆరువందలు తీగ మోయగలిగే హద్దు బావా. లోపల పళ్ళెం తిరిగినంత వేగమే వస్తుంది. రోడ్డు వెడల్పుగా ఉందని ఎద్దుబండి ఎగిరిపోతుందా?”

“హద్దుల గురించి నాకు చెప్పకు. నలభై ఏళ్ళుగా రాస్తున్నాను. నీతో సహా ఒక్కొక్కడి బండారం బయటపెట్టాను. అదంతా ఈ నత్త మీదికి ఎక్కించేలోపు నేను పాడె ఎక్కుతాను.”

దుకాణంలో ఉన్నవాళ్ళంతా ఇటు తిరిగారు. వాడు దిగొచ్చాడు.

“సరే, ఇక్కడే ఎక్కించి చూద్దాం. ఆలస్యమైతే దీన్ని నేనే వెనక్కి తీసుకుంటాను.”

నా లాప్‌టాప్‌కు డిస్కు తగిలించి, నా రాతలున్న ఫోల్డరంతా కాపీ చేయమని నేనే నొక్కాను. చాలాసేపు పడుతుందని వాడు నాకు కుర్చీ వేశాడు, ఇద్దరికీ టీ చెప్పాడు. నేను కూర్చునేలోపే పని అయిపోయింది.

“సరిగ్గా పడలేదేమో, మళ్ళీ నొక్కండి.”

నొక్కాను. ఈ ఫైళ్ళన్నీ డిస్కులో ఇప్పటికే ఉన్నాయి, వాటి మీదే మళ్ళీ రాయమంటారా అని లాప్‌టాప్ అడిగింది.

వాడు కళ్ళజోడు సర్దుకుని తెర మీదికి వంగాడు. ఏ వెటకారమూ లేకుండా అడిగాడు.

“మిగతాది ఎక్కడుంది బావా?”